కాచినా పోనిది

నవ్వు వచ్చినప్పుడు పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకోవాలని మా ఊళ్ళో నాకు ఎవరూ నేర్పలేదు. పెనుకొండకు పడమటి దిక్కున ఉన్న ఆ చిన్న ఊళ్ళో అందరి పండ్లూ ఒకే రకంగా ఉండేవి. పాలపండ్లు ఊడి కొత్తవి మొలిచేటప్పుడే వాటి మీద అడ్డంగా గోధుమరంగు చారలు ఉండేవి. పెద్దవాళ్ళలో కొందరికి అవి నల్లబడి, అంచులు పెచ్చులు లేచేవి. ఎర్రమన్ను నేల కాబట్టి పండ్లకూ ఆ రంగే వస్తుందని మా అవ్వ అనేది. నేనూ అంతే అనుకున్నాను.

పెళ్ళయి ధర్మవరం వచ్చాక తెలిసింది. మా అత్తగారిది పట్టుచీరలు నేసే ఇల్లు. మాదీ నేతవాళ్ళ కుటుంబమే, కానీ మా నాయన ముతక నూలు చీరలు నేసేవాడు. కొత్త కోడలిని చూడటానికి ఇరుగుపొరుగు ఆడవాళ్ళు వచ్చారు. ఎవరో ఏదో సరసం ఆడితే నేను నవ్వాను. అందరి మాటలూ టక్కున ఆగిపోయాయి. వాళ్ళలో ఒక ముసలామె మా అత్త చెవి దగ్గరికి వంగి, "ఏమ్మే, పిల్ల పొగాకు నములుతాదా?" అని అడిగింది. గుసగుసే, కానీ నాకు వినిపించింది.

"అట్లాంటిదేమీ లేదు," అని మా అత్త గట్టిగానే చెప్పింది. మరుసటి పొద్దున మాత్రం నా చేతిలో ఉప్పు, బొగ్గుపొడి పెట్టి, "బాగా రుద్దుకో మ్మా," అంది.

బొగ్గుతో రుద్దాను. ఇటుక పొడితో రుద్దాను. వేపపుల్ల నమిలి నమిలి చిగుళ్ళ వెంట రక్తం వచ్చేది. చారలు చెక్కుచెదరలేదు. అప్పటినుంచి నా కుడిచెయ్యి తనంతట తానే నోటి దగ్గరికి పోవడం నేర్చుకుంది. మా ఆయన ఏమీ అనలేదు. అనకపోవడం కూడా నాకు భారంగానే ఉండేది.

మా నాయన అప్పటికి రాజకీయాల్లో ఉన్నాడు. నేతగాళ్ళకు నూలు సరిగ్గా అందడం లేదని కొట్లాడి, ఆ కొట్లాటలోనే ఊళ్ళో పేరు తెచ్చుకుని, పంచాయతీ సమితులు కొత్తగా వచ్చిన రోజుల్లో సమితి సభ్యుడయ్యాడు. అధికార పార్టీ వాళ్ళు నిండుగా ఉండే ఆ సమితిలో మా నాయనది ప్రతిపక్షం. లేచి మాట్లాడితే వినేవాళ్ళు తక్కువ, నవ్వేవాళ్ళు ఎక్కువ. ఆయనకు మెడ అటూ ఇటూ తిరిగేది కాదు, నడుం వంగేది కాదు. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగి చూసేవాడు. చిన్నప్పటినుంచి మగ్గం గుంటలో కూర్చుని కూర్చుని అట్లయిందని ఇంట్లో అనుకునేవాళ్ళం. బయటవాళ్ళు మాత్రం పొగరు అనుకునేవాళ్ళు.

నా పెళ్ళయిన మరుసటి ఏడాది మా అమ్మకు మోకాళ్ళు పట్టేస్తే, మా నాయన ఆమెను హిందూపురం తీసుకుపోయాడు. అక్కడ బెంగళూరులో చదువుకొచ్చిన డాక్టరు ఒకాయన ఉండేవాడు. మోకాళ్ళు చూసి, నోరు తెరవమని పండ్లు చూశాడట. తర్వాత మా నాయన వైపు తిరిగి, "నువ్వు గడ్డం ఎదకు ఆనించు చూద్దాం," అన్నాడట. మా నాయన ఆనించలేకపోయాడు.

"ఏ ఊరప్పా మీది? తాగే నీళ్ళు యాడివి?"

"ఊరి మధ్యలో బావి ఉండాది. అందరం ఆ నీళ్ళే తాగుతాం."

ఆ బావి నీళ్ళు ఒక సీసాలో తెప్పించుకుని డాక్టరు బెంగళూరుకు పంపాడు. నీళ్ళలో ఫ్లోరైడ్ అనేది మితిమీరి ఉందని తేలింది. పిల్లల పండ్లు పాడుచేసేదీ, పెద్దవాళ్ళ ఎముకల్ని కట్టెల్లాగా చేసేదీ అదే. పొగరనుకున్న ఆ మెడ, మగ్గం వల్ల అనుకున్న ఆ నడుం, అన్నీ నీళ్ళవల్లే. మా నాయన ఇంటికి వచ్చి ఆ రోజంతా నీళ్ళ కుండ ముందరే కూర్చున్నాడని మా అమ్మ తర్వాత చెప్పింది. ఊరి కోసం నూలు అడిగాడు, రోడ్డు అడిగాడు. తన ఇంటి కుండలో ఏముందో చూసుకోలేదని ఆయనకు సిగ్గయిందట.

అప్పుడే రేడియో గొడవ మొదలైంది. మా పంచాయతీ ఆఫీసుకు ప్రభుత్వం ఒక రేడియో ఇచ్చింది. చెక్క బీరువాలో పెట్టి తాళం వేసి, కప్పు మీద లౌడ్‌స్పీకర్ కట్టారు. సాయంత్రం పల్లెవాళ్ళ కార్యక్రమం వచ్చే వేళకు జనం అరుగు మీద చేరేవాళ్ళు. అందులో తరచుగా చెప్పే మాట, "నీళ్ళు కాచి చల్లార్చి తాగండి." నీళ్ళు మంచివి కావని మా నాయన చెప్పగానే ఊరి ఆడవాళ్ళు ఆ మాట పట్టుకున్నారు. పుల్లలు ఏరుకొచ్చి, పొయ్యి మీద నీళ్ళు తెర్లించి తెర్లించి తాగేవాళ్ళు. మా అమ్మ కుండలో సగం ఇంకిపోయేదాకా కాచేది.

మా నాయన ఆ సంగతి చెప్పేసరికి హిందూపురం డాక్టరు తల పట్టుకున్నాడట. "అయ్యో, నీళ్ళు ఆవిరైపోతాయి గానీ అది పోదప్పా. కాచేకొద్దీ మిగిలిన నీళ్ళలో ఇంకా చిక్కగా అవుతాది."

మా నాయన బస్సెక్కి రేడియో స్టేషనుకు పోయాడు. అక్కడి అధికారి కూర్చోబెట్టి మర్యాదగానే మాట్లాడాడు. "చూడండి, కాచి తాగమని చెప్పేది కలరా కోసం. కాచితే లాభం లేదని రేడియోలో చెప్తే జనం కాచడం మానేస్తారు. వాంతులు, భేదులు వచ్చి చస్తే ఎవరిది జవాబుదారీ?"

"అది నిజమే. రెండూ చెప్పండి. రోగానికి కాచండి, మా ఊరి మాదిరి బావులకు మాత్రం కాచితే చాలదు, బావే మార్చాల అని చెప్పండి. నన్ను చెప్పమన్నా చెప్తా."

"మీరు రాజకీయ నాయకులు. మిమ్మల్ని మాట్లాడించడానికి లేదు."

"మా సమితి ప్రెసిడెంటు మొన్న మీ రేడియోలోనే ఎరువుల మీద మాట్లాడినాడే? ఆయన నాయకుడు కాదా? రేడియో లైసెన్సు దుడ్లు మేమూ కడతాండాం కదప్పా. రేడియో ఒక పార్టీదా?"

అధికారి మాట మార్చి, టీ తెప్పించాడు. మా నాయన తాగకుండా వచ్చేశాడు.

కొన్నాళ్ళకు పెనుకొండలో తాగునీటి మీద బహిరంగ సభ పెట్టారు. ఇంజనీర్లు వస్తారని, రేడియోవాళ్ళు కూడా వస్తారని చెప్పుకున్నారు. మా నాయన ముందురోజు ధర్మవరం వచ్చి, మా అత్తతో, "పెనుకొండలో మీటింగ్ ఉండాదమ్మా. బిడ్డను పంపిస్తే ఎల్లుండి తోడుకొచ్చి దిగబెడతా," అన్నాడు. నాకు ఎంత సంతోషమో! మా నాయన మాట్లాడుతుంటే నేనెప్పుడూ వినలేదు. మా ఇంటి మగ్గం మీద నేసిన ముదురాకుపచ్చ పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని, రైలెక్కాను.

షామియానా కింద ఆడవాళ్ళ వైపు ముందు వరసలో కూర్చున్నాను. మా నాయన లేచి బావి సంగతి, డాక్టరు చెప్పిన సంగతి చెప్పడం మొదలుపెట్టాడు. చక్కగానే మాట్లాడుతున్నాడు. వేదిక మీద ఉన్న సమితి ప్రెసిడెంటు మధ్యలో అందుకున్నాడు. "నీళ్ళు ఎముకలు తింటాయంటాడు, ఈయప్ప మాత్రం దిట్టంగా నిలబడి ఉండాడే! మెడ గూడా వంచడు చూడండి!"

జనం గొల్లున నవ్వారు. మా నాయన ముఖం ఎర్రబడింది. ఆయన మనిషి మొత్తం తిరిగి నా వైపు చూశాడు.

"ఇట్ల రా మ్మా."

ఎందుకో తెలియక లేచి వెళ్ళాను. వేదిక మెట్లెక్కాక ఆయన నా భుజం పట్టుకుని జనం వైపు తిప్పాడు.

"నోరు తెరువు."

నాకు అర్థం కాలేదు. "నాయనా..." అన్నాను.

"తెరువు మ్మా. చూడనీ వాళ్ళను."

తెరిచాను. ఆయన నా గడ్డం కింద చెయ్యిపెట్టి ముఖం పైకెత్తాడు. అటు ఒకసారి, ఇటు ఒకసారి తిప్పాడు. షామియానా గుడ్డలోంచి ఎండ నా నోట్లో పడుతోంది. వెనకనుంచి ఎవరో, "తమలపాకులు మేసిందేమో లేప్పా!" అని అరిచారు. మళ్ళీ నవ్వులు. ఆ నవ్వేవాళ్ళలో మా ఇంటికి చీరల బేరానికి వచ్చే ధర్మవరం మనిషి ఒకడు కనిపించాడు. వాడు నన్ను గుర్తుపట్టి చూపు తిప్పుకున్నాడు. నవ్వినవాళ్ళకన్నా వాడు తల తిప్పుకోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఎట్లా మెట్లు దిగానో తెలియదు. ఆ పూట ఎద్దులబండిలో ఊరికి పోయాం. ఇంటికి వచ్చాక నేను గోడవైపు తిరిగి కూర్చుంటే, మా అమ్మ విషయం రాబట్టింది. రాబట్టి, బయట అరుగు మీద ఉన్న మా నాయన దగ్గరికి పోయి, "సంతలో గొడ్డు పండ్లు చూపిచ్చినట్ల చూపిచ్చినావు కదయ్యా కన్నకూతురిని!" అంది. ఆయన అన్నం పెడితే తినకుండా చెయ్యి కడుక్కుని లేచిపోయాడు.

ధర్మవరానికి నాకన్నా ముందే కబురు చేరింది. "మా కోడలి నోరు పెనుకొండంతా చూసిందంట," అని మా అత్త గుమ్మంలోనే అంది. నాకు నేల చీలితే బాగుండునని అనిపించింది. మా ఆయన మగ్గంలోంచి తల ఎత్తకుండా, "నీళ్ళు అట్లుంటే ఆ పిల్ల ఏం చేస్తాది?" అన్నాడు. పెళ్ళయ్యాక నా పండ్ల గురించి ఆయన నోట విన్న మొదటి మాట అది.

అప్పటికే నాకు నెల తప్పింది. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి. ఏడో నెలలో మా అమ్మ వచ్చి అడిగితే, మా అత్త మెల్లగానే, కానీ తేల్చి చెప్పింది: "ఏమనుకోవద్దు వదినా. పురుడు ఈడనే జరగనీ. ఆ నీళ్ళు బిడ్డకు వద్దు." మా అమ్మ తల వంచుకుంది. కూతురికి పురుడు పొయ్యలేని ఇల్లు అయిపోయింది మాది. అత్త మాటలో తప్పేమీ లేదు, అందుకే ఇంకా అవమానంగా అనిపించింది. మా అమ్మే ధర్మవరానికి వచ్చి, పెరట్లో నీళ్ళు కాచి, నాకు పథ్యం వండిపెట్టింది.

కొడుకు పుట్టాడు. చూడటానికి మా నాయన వచ్చాడు. బిడ్డను చాపమీద పడుకోబెట్టి ఉన్నాను. ఆయన పక్కన నిలబడ్డాడు గానీ వంగి ఎత్తుకోలేకపోయాడు. నేను ఎత్తి ఆయన చేతుల్లో పెట్టాను. పెనుకొండ సభ తర్వాత మేమిద్దరం దగ్గరగా నిలబడింది అప్పుడే.

ఆయన బిడ్డనే చూస్తూ, "ఆ పొద్దు నిన్ను అట్ల పిలిచిండకూడదు మ్మా," అన్నాడు. "వాళ్ళు నవ్వేకొద్దీ నాకు కండ్లు మూసుకుపోయినాయి."

నేను బిడ్డ మీద గుడ్డ సరిచేశాను. క్షమించానని చెప్పడానికి నోరు రాలేదు. కోపంగా ఉందని చెప్పడానికీ రాలేదు.

మా అమ్మే అసలు సంగతి బయటపెట్టింది. బావి సంగతి చెప్పడానికి రేడియోవాళ్ళు చివరికి ఒప్పుకున్నారట. హిందూపురం వచ్చి రికార్డు చేసుకుంటారట. అయితే రాజకీయ నాయకుడు పనికిరాడు, ఆ ఊరి ఆడమనిషి ఎవరైనా మాట్లాడాలి అన్నారట. ఊళ్ళో ఒక్కరూ ముందుకు రాలేదు. "అడుగు బిడ్డను అంటే, ఈయప్ప అడగనంటాడు," అంది.

"అడగను," అన్నాడు మా నాయన. "ఇంగ అడగను."

"నేను చెప్తా," అన్నాను. ధైర్యం వచ్చి కాదు. రేడియోలో ముఖం కనపడదు కదా, అదొక్కటే ధీమా.

హిందూపురంలో ఒక బడిగదిలో కిటికీలు మూసి, పెద్ద యంత్రం మీద చక్రాల్లాంటివి రెండు తిప్పుతూ రికార్డు చేశారు. పసిబిడ్డను మా అమ్మ ఎత్తుకుని బయట నిలబడింది. నేను మాట్లాడటం మొదలుపెట్టగానే రేడియో అధికారి యంత్రం ఆపేశాడు.

"అమ్మా, మాట సరిగా వినపడటం లేదు. చెయ్యి తీయండి."

చూసుకుంటే నా కుడిచెయ్యి నోటికి అడ్డంగా ఉంది. తీశాను. రెండు మాటలకే అది మళ్ళీ పోయింది. చివరికి ఆ చేతిని తొడ కింద పెట్టుకుని కూర్చుని చెప్పాను. మా పండ్ల సంగతి చెప్పాను. మా నాయన మెడ సంగతి, హిందూపురం డాక్టరు దగ్గరికి ఆయన పోవడం, బెంగళూరుకు నీళ్ళు పంపడం చెప్పాను. వాంతులు భేదులు రాకుండా నీళ్ళు కాచి తాగమని, కానీ మా ఊరి మాదిరి నీళ్ళను ఎంత కాచినా లోపలున్నది పోదని, మంచి బావి చూసుకోవాలని చెప్పాను. అధికారి సంతోషించాడు. పోతూ పోతూ, మా నాయన డాక్టరు దగ్గర తెచ్చిచ్చిన నీళ్ళ పరీక్ష కాగితం కూడా తీసుకుపోయాడు.

ప్రసారమైన సాయంత్రం ధర్మవరంలో మా వీధి చివర హోటలు ముందర అందరం నిలబడి విన్నాం. నా గొంతు నాదిలాగా లేదు. పండ్ల సంగతి వచ్చింది. కాచినా పోదన్న మాట వచ్చింది. మా నాయన సంగతి మాత్రం రాలేదు. ఆయన గురించి చెప్పిందంతా తీసేసి, మధ్యలో వేరే గొంతు, అధికారుల పరిశీలనలో ఈ విషయం బయటపడిందని చెప్పింది. చుట్టూ ఉన్నవాళ్ళు, "బాగా చెప్పినావు!" అని మెచ్చుకుంటున్నారు. మా అత్త గర్వంగా అందరి వైపూ చూస్తోంది. నాకు చెవులు మండిపోయాయి. మా ఊరి అరుగు మీద, నలుగురి మధ్య, మా నాయన అదే మాట అదే నిమిషంలో వింటూ ఉంటాడు. ఆ వింటున్నవాళ్ళలో ప్రెసిడెంటు మనుషులూ ఉంటారు.

తర్వాత ఊరికి పోయినప్పుడు, "నేను చెప్పినా నాయనా, వాళ్ళే తీసేసినారు," అన్నాను.

"తెలుసు లే మ్మా. చెప్పాల్సింది చెప్పినారు కదా," అన్నాడు. ఆ మాట తేలిగ్గానే అన్నాడు గానీ, మళ్ళీ రేడియో స్టేషనుకు పోయి, ప్రతిపక్షం వాళ్ళ గొంతు ఎందుకు వినిపించరని గొడవపడుతూనే ఉన్నాడు. ఆయన బతికుండగా ఒక్కసారీ ఆయన్ను మాట్లాడనివ్వలేదు.

ఏడాది తిరగకముందే ఊరి బయట, వాన పడితే పారే వంక పక్కన కొత్త బావి తవ్వించారు. ఆ నీళ్ళు పరీక్షలో బాగున్నాయని తేలింది. ప్రెసిడెంటు వచ్చి కొబ్బరికాయ కొట్టాడు. ఆ వెనువెంటనే వచ్చిన ఎన్నికల్లో మా నాయన ఓడిపోయాడు. బావి తెచ్చింది ప్రెసిడెంటు అని ఊరివాళ్ళే ఓట్లు అటు వేశారు. మా ఊరు మా నాయనకు చేసిన పనికి నేను చాన్నాళ్ళు ధర్మవరంలో మా ఊరి పేరు ఎత్తేదాన్ని కాదు.

ఇంకో సంగతి. కొత్త బావి దూరం. పైగా ఆ నీళ్ళు చప్పగా ఉంటాయని ఆడవాళ్ళు పొద్దున్నే మళ్ళీ పాత బావికే పోయేవాళ్ళు. మా అమ్మ కూడా పోయేది. మా నాయన బావి దగ్గర నిలబడి వద్దని చెప్పేవాడు, తిట్టేవాడు. ఎవరూ వినేవాళ్ళు కాదు. ఒకరోజు ఆయన ఇద్దరు మనుషుల్ని పెట్టి పాత బావి గిలక ఊడదీయించాడు. ఊరంతా మా ఇంటి మీదికి వచ్చింది. నేను ఆ రోజు బిడ్డతో అక్కడే ఉన్నాను.

"ఓడిపోయినోనికి ఊరి బావితో ఏం పని? ఏమబ్బా, నీయబ్బ సొత్తా అది?" అని అరిచాడొకడు. మా నాయన గడపలో నిలబడి ఏదో చెప్పబోతే గోల మరింత పెరిగింది.

ఎవరో పక్కూరికి పోయి ప్రెసిడెంటును పిలుచుకొచ్చారు. ఆయన వచ్చి, గిలకను చూసి, మా నాయనను చూశాడు. తర్వాత జనం వైపు తిరిగి, "ఆయప్ప చేసింది సరే. ఆ నీళ్ళు ఇంగ ఎవరూ తాగొద్దు. గిలక కొత్త బావికి ఎత్తుకపోండి," అన్నాడు.

అంతే. మారు మాట లేకుండా ఇద్దరు కుర్రవాళ్ళు గిలక భుజాన పెట్టుకుపోయారు. జనం చెదిరిపోయారు. ప్రెసిడెంటు చెప్పులు వేసుకుని పోతూ మా నాయనకు దండం పెట్టాడు. మా నాయన తిరిగి దండం పెట్టి లోపలికి వచ్చి, మా అమ్మ ఇచ్చిన మంచినీళ్ళు తీసుకోకుండా మంచం మీద కూర్చున్నాడు.

"ఎన్నేండ్లు చెప్పినాను నేను," అన్నాడు నా వైపు చూడకుండా. "ఆయన ఒక్క మాట అన్నాడు."

బిడ్డ ఏడుస్తుంటే ఎత్తుకుని వాకిట్లోకి వచ్చాను. ఆడవాళ్ళు ఖాళీ బిందెలు పట్టుకుని, గొణుక్కుంటూ, వంక వైపు నడుస్తున్నారు.